పాత కారు చక్రంతో గోడ గడియారం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిట్యాల నుంచి అడిగినా, జడ్చర్ల నుంచి అడిగినా సందేహాలు దాదాపు అవే. చక్రం మధ్యలో అంత పెద్ద బొక్క ఉంటే మిషన్ (సెల్‌తో ముళ్లను తిప్పే చిన్న డబ్బా) ఎక్కడ బిగించాలి, అంత బరువు గోడకు నిలుస్తుందా, ముల్లు తొమ్మిది దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. పని జరిగే వరుసలోనే ఉన్నాయి, కానీ మొదటి నుంచి చదవనక్కర్లేదు. మీరు ఎక్కడ ఆగారో అక్కడికి పోయి చూసుకోండి.

ఒక్క మాట ముందే చెబుతాను. ఇందులో గడియారం పని తక్కువ, ఇనుము పని ఎక్కువ. మిషన్ బిగించడం టీ చల్లారేలోపు అయిపోతుంది. శ్రమంతా చక్రాన్ని శుభ్రం చేయడంలోనూ, ఆ బరువును గోడ మీద నిలబెట్టడంలోనూ ఉంటుంది.

## చక్రం ఎంచుకునేటప్పుడు

అన్నా, ఏ కారు చక్రమైతే మంచిగుంటది?

మొదటిసారి చేసేవాళ్లకు 12 అంగుళాల ఇనుప డిస్క్, అంటే టైరు లోపలి ఇనుప చక్రం, మేలు. మారుతి 800, పాత ఆల్టో, టాటా నానో చక్రాలు ఈ సైజువే. టైరు తీసేస్తే నాలుగైదు కిలోలే ఉంటుంది కాబట్టి మామూలు ఇంటి గోడకు భయం లేదు. ఇండికా, పాత వ్యాగన్‌ఆర్‌లకు 13 అంగుళాలు, స్విఫ్ట్‌కు 14. హాలు పెద్దదైతే ఇవి బాగా నప్పుతాయి. బొలెరో, ఇన్నోవాల 15 అంగుళాల డిస్క్ చూడటానికి దర్జాగా ఉంటుంది గానీ ఎత్తి పట్టుకోవడానికే ఇద్దరు కావాలి. కొనేముందు తూకం వేయించండి. పాత సామాను దుకాణంలో కాంటా ఎలాగూ ఉంటుంది.

ఇనుప డిస్క్ తీసుకోవాలా, అల్లాయ్ తీసుకోవాలా?

అల్లాయ్ అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రం. అందం అల్లాయ్‌ది, సులువు ఇనుముది. ఇనుప డిస్క్ మధ్య భాగం పలచటి రేకు, బిగింపులన్నీ తేలిక, వెల్డింగ్ కూడా ఏ షెడ్డులోనైనా అవుతుంది. అల్లాయ్ మధ్య భాగం మందంగా ఉంటుంది. దానికి మామూలు వెల్డింగ్ పట్టదు, అల్యూమినియం వెల్డింగ్ చేసేవాళ్లు మన చిన్న ఊళ్లలో తక్కువ. అల్లాయ్ కాబట్టి తేలిగ్గా ఉంటుందనుకోవద్దు. అదే సైజు ఇనుప చక్రంతో బరువులో పెద్ద తేడా లేనివి చాలా ఉన్నాయి.

13 అంగుళాల చక్రం అని ఇచ్చిండు, టేపు పెడితే 14న్నర వస్తుంది. మోసం చేసిండా?

మోసం లేదు. చక్రం సైజు అంటే టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం. బయటి అంచు దానికంటే చుట్టూ సుమారు 17 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. రెండు వైపులా కలిపితే దాదాపు అంగుళంన్నర పెరుగుతుంది. గోడ మీద ఎంత చోటు పడుతుందో లెక్కేసేటప్పుడు ఈ బయటి కొలతే తీసుకోండి. ముళ్ల పొడవుకు మాత్రం లోపల కనిపించే పళ్లెం, అంటే చక్రం మధ్యనున్న గుండ్రటి భాగం, కొలత చూడాలి.

మన దిక్కు పాత రిమ్ములు ఎక్కడ దొరుకుతాయి?

హైవే పక్కన వెతకండి. నల్లగొండ జిల్లావాళ్లకు విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్. పాలమూరువాళ్లకు బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట. ఈ ఊళ్లలో టైర్ల షాపులు, మెకానిక్ షెడ్లు ఉన్నాయి, వాటి వెనక పక్కకు పడేసిన డిస్కులు కనిపిస్తూనే ఉంటాయి. అల్లాయ్ వేయించుకున్నవాళ్లు పాత ఇనుప చక్రాలు షాపులోనే వదిలేసి పోతుంటారు, అవి చవక. హైదరాబాద్ పోయే పని ఉంటే వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో ఏరుకోవచ్చు. పాత ఇనుము దుకాణంలో కిలో లెక్కన ఇస్తారు, రేటు ఏ రోజుకారోజు మారుతుంది.

దారిన పోయేవాడు సంచిలో తెచ్చి అమ్మే అల్లాయ్ జోలికి మాత్రం పోకండి. దొంగసొత్తు అని తెలిసి కొంటే కొన్నవాళ్ల మీద కూడా కేసు అవుతుంది. దుకాణంలో కొని చీటీ అడగండి.

మా కారు స్టెప్నీ ఊరికే పడి ఉంది. దాన్నే వాడుకుంటే?

వద్దు. గోడ మీద గడియారాన్ని చూసి మురిసిపోయే రోజులు చాలా ఉంటాయి. రాత్రిపూట డిండి రోడ్డులో పంక్చరైన రోజు ఒక్కటి చాలు.

రిమ్ వంగింది, చిన్న పగులు కూడా ఉంది. పనికొస్తదా?

ఈ పనికి అలాంటిదే సరైనది. వంగిన, పగిలిన చక్రాన్ని మళ్లీ రోడ్డెక్కించకూడదు. అయినా పగిలిన అల్లాయ్‌కి అతుకు వేసి, రంగు కొట్టి మళ్లీ బండికి ఎక్కించేవాళ్లు ఉన్నారు. అది మీ గోడ మీదికి వస్తే రోడ్డు మీద ఒక ప్రమాదం తగ్గినట్టే. మంచి చక్రాన్ని పాడుచేసి గడియారం చేయడం నాకు నచ్చదు. వంగిన భాగాన్ని ఆరు అంకె వైపు ఉంచితే పెద్దగా కంటికి ఆనదు. పగులు మాత్రం వేలాడదీసే బిగింపు దగ్గర ఉండకుండా చూసుకోండి.

ఆటో చక్రం, స్కూటర్ చక్రం, ఎడ్లబండి చక్రంతో కూడా చేయొచ్చా?

ఆటో రిక్షా డిస్క్ 8 అంగుళాలది, పాత చేతక్ స్కూటర్‌ది 10 అంగుళాలు. పిల్లల గదికో, చిన్న కొట్టుకో ఇవి ముచ్చటగా ఉంటాయి, బరువు బాధ అసలే లేదు. ఎడ్లబండి చక్రం సంగతి వేరు. మనిషి ఛాతీ దాకా వచ్చే చక్రాన్ని గోడకు వేలాడదీయలేం, అరుగు మీద గోడకు ఆనించి నిలబెట్టాల్సిందే. పన్నెండు ఆకులున్న చక్రం దొరికితే ఒక్కో ఆకు ఒక్కో గంటకు సరిపోతుంది, అంకెలు రాసే పని కూడా ఉండదు. కాకపోతే పాత కట్టెకు చెదలు ఉన్నాయేమో చూసి, మందు కొట్టించి, అప్పుడు ఇంట్లోకి తెచ్చుకోండి.

## టైరు విప్పడం, శుభ్రం చేయడం

టైరు నేనే విప్పుకోవచ్చా?

విప్పుకోవచ్చు గానీ పంక్చర్ షాపులో కొద్ది డబ్బులతో అయిపోయే పనికి చేతులు నలగ్గొట్టుకోవడం దేనికి? ఇంట్లోనే చేస్తానంటే ముందుగా వాల్వ్ లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేయండి. లారీ, ట్రాక్టర్ ట్రాలీ చక్రాల విషయంలో మాత్రం ఖచ్చితంగా చెబుతున్నాను: వాటిలో కొన్నిటికి పక్కన ఇనుప రింగు ఉంటుంది. గాలి ఉండగా అది ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. అలాంటివి తెలిసినవాళ్ల చేతనే విప్పించండి.

అంచుకు బూడిద రంగు చిన్న ముక్కలు కొట్టి ఉన్నాయి. అవేంటి?

వీల్ బ్యాలెన్సింగ్‌కు కొట్టిన తూకం ముక్కలు. పాతవి చాలావరకు సీసమే. స్క్రూడ్రైవర్‌తో తడితే ఊడి వస్తాయి. సీసం విషం కాబట్టి పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి, గ్రైండర్ పెట్టకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అతికించిన రకమైతే వెనక మిగిలే జిగురు కిరోసిన్‌తో పోతుంది.

లోపలంతా నల్లటి మడ్డి గట్టిపడి ఉంది. ఎట్ల పోతది?

అది గ్రీజు, దుమ్ము, బ్రేకు అరిగిన పొడి కలిసి గట్టిపడిన మడ్డి. పొడిగా ఉన్నప్పుడు గాలి కొట్టి ఊదొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముందు తడపండి. తర్వాత కిరోసిన్ రాసి కాసేపు నాననిచ్చి, పాత రేకుతో గీకి, బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో రుద్దండి. అల్లాయ్ అయితే సోడా వద్దు, అల్యూమినియం నల్లబడుతుంది, గిన్నెలు తోమే ద్రవం చాలు. చివరగా కడిగి వెంటనే బట్టతో తుడిచేయండి. మన బోరు నీళ్లు వాటంతట అవే ఆరితే తెల్లటి చారలు కడతాయి, ఆ చారల మీద రంగు సరిగ్గా పట్టదు.

బాత్రూమ్ యాసిడ్ పోస్తే తొందరగా అవుతది కదా?

ఇనుము మీద తుప్పు కరుగుతుంది, నిజమే. కానీ కడిగి ఆరబెట్టేలోపే కొత్త తుప్పు పట్టుకుంటుంది, కీళ్లలో చిక్కుకున్న యాసిడ్ తర్వాత రంగు కింద నుంచి ఉబ్బిస్తుంది. అల్లాయ్‌నైతే యాసిడ్ నేరుగా తినేస్తుంది. వాడొద్దు.

తుప్పు ఎంతవరకు గీకాలి?

వేలితో రుద్దితే ఎర్రపొడి అంటనంత వరకు. గుంటల్లో నల్లగా మిగిలినది అంటుకునే ఉంటే ఇబ్బంది లేదు, రంగుకు ముందు వేసే ప్రైమర్ దాన్ని పట్టేస్తుంది. గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలిస్తే పని తొందరగా అవుతుంది గానీ దాని తీగలు సూదుల్లా ఎగురుతాయి. కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకండి. లుంగీ, కండువా పక్కన పెట్టి ప్యాంటు, బూట్లు వేసుకోండి.

చక్రం గోడ నుంచి మరీ ముందుకు పొడుచుకొస్తుంది. సన్నగా చేయలేమా?

చేయొచ్చు. 12, 13 అంగుళాల చక్రాలు కూడా గోడ నుంచి సుమారు ఐదు అంగుళాలు ముందుకు వస్తాయి. లేత్ షాపులో చూపించి వెనక సగం కోయించండి. ముందు అంచు, మధ్య పళ్లెం, చక్రం పక్క భాగం కాస్త మిగిలితే చాలు. కోస్తే బరువు కూడా బాగా తగ్గుతుంది. కోసిన అంచు కత్తిలా ఉంటుంది, ఆకురాయితో మొద్దు చేయమని అడగండి. ఎంత కోయాలో చెప్పేముందు పళ్లెం వెనక మిషన్‌కూ, గోడ బిగింపుకూ కనీసం రెండు అంగుళాల లోతు మిగులుతుందో లేదో కొలవండి. అల్లాయ్‌ని కోయించడం నేను చెప్పను. దాని అందమే ఆ లోతులో ఉంటుంది.

## రంగు వేసేటప్పుడు

ఏ ప్రైమర్ వేయాలి?

ఇనుముకు రెడ్ ఆక్సైడ్ చాలు, ఏ పెయింట్ల దుకాణంలోనైనా దొరుకుతుంది. అల్లాయ్ మీద రెడ్ ఆక్సైడ్ నిలవదు, పొరలు పొరలుగా లేస్తుంది. అల్యూమినియానికి వేసే ఎచ్ ప్రైమర్ కావాలని అడగండి. ఏదైనా పలచగా రెండు కోట్లు. ఒకేసారి మందంగా వేస్తే కారుతుంది.

ఎండాకాలం స్ప్రే చేస్తే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఎందుకు?

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం రంగు చక్రాన్ని చేరేలోపే గాల్లో ఆరిపోతోంది. ఎండలో ఉంచిన ఇనుము చేయి కాలేంత వేడెక్కుతుంది కూడా. పొద్దున ఎనిమిదిలోపు, నీడలో, డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని కొట్టండి. గరుకుగా వచ్చిన చోట సన్నటి నీటి ఎమరీ కాగితంతో తడి చేసి రుద్ది మళ్లీ ఒక కోటు వేస్తే సర్దుకుంటుంది. వానాకాలంలో ఇంకో తలనొప్పి: గాలిలో తేమకు లక్కర్ రంగు తెల్లగా మసకబారుతుంది. ముసురు పట్టిన రోజు ఆ పని పెట్టుకోకండి.

పౌడర్ కోటింగ్ చేయిస్తే?

గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. పొడి చల్లి సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి ప్లాస్టిక్, రబ్బరు, పుట్టి ఏవీ చక్రం మీద ఉండకూడదు. వెల్డింగ్ పనులన్నీ ముందే ముగించుకోండి. ఇంట్లో గోడకు ఉండే గడియారానికి ఇంత ఖర్చు అవసరమా అంటే, నా లెక్కలో అవసరం లేదు.

రంగు వేయకుండా తుప్పు రంగులోనే ఉంచొచ్చా?

ఉంచొచ్చు. ఊడే పొడిని గీకేసి మీద రంగులేని క్లియర్ లక్కర్ రెండు కోట్లు వేయండి. లేకపోతే తెల్లగోడ మీద ఎర్రటి చారలు దిగి ఇంట్లోవాళ్లతో మాట పడాలి.

## మిషన్, ముళ్లు బిగించేటప్పుడు

మధ్యలో పెద్ద బొక్క ఉంది. మిషన్ ఎక్కడ పెట్టాలె?

అందరూ ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మార్కెట్లో దొరికే మామూలు క్వార్ట్జ్ మిషన్ 56 మిల్లీమీటర్ల చదరం, మందం 16. చిన్న కార్ల చక్రం మధ్య బొక్క చాలావరకు అంతకు అటూ ఇటూగా ఉంటుంది. చదరపు డబ్బాకు మూల నుంచి మూలకు 79 మిల్లీమీటర్లు కాబట్టి అది ఆ బొక్కలో పట్టదు. పట్టించాలని బొక్కను గ్యాస్ కటింగ్‌తో పెద్దది చేయించకండి, పళ్లెం వంకర పోతుంది. దీనికి మూడు దారులున్నాయి.

అన్నిటికంటే తేలికైనది వీల్ కప్పు. కారుకు వచ్చే ప్లాస్టిక్ కప్పు మధ్యలో 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, వెనక మిషన్ పెట్టి, ముందు నట్టు బిగిస్తే అయిపోయింది. సెల్ మార్చాలంటే కప్పు లాగితే చాలు, చక్రం గోడ నుంచి దించే పనే లేదు. ఇనుము అందం కప్పు కింద దాగిపోతుంది, అదొక్కటే లోటు. కప్పు మధ్య భాగం మరీ లోతుగా ఉంటే వెనక మిషన్‌కు చోటుందో లేదో ముందే పెట్టి చూడండి.

రెండోది ముందు పళ్లెం. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ లేదా 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నట్ల బొక్కలు దాటేంత గుండ్రంగా కోసి, ఆ బొక్కల్లోంచే బోల్టులు పెట్టి బిగిస్తారు. పళ్లేనికీ చక్రానికీ మధ్య ఒక్కో బోల్టుకు 20 మిల్లీమీటర్ల పైపు ముక్క తొడగాలి. ఆ సందులో మిషన్ కూర్చుంటుంది. చూపులకు కారు బ్రేకు పళ్లెంలా ఉంటుంది. నాకు నచ్చేది ఇదే.

మూడోది వెనక పలక. ప్లైవుడ్ పలకను చక్రం వెనక బిగించి, మిషన్ దాని వెనక పెడితే, ముళ్లు తగిలించే మిషన్ ఇరుసు మధ్య బొక్కలోంచి ముందుకు వస్తుంది. చక్రం ముఖం మొత్తం కనిపిస్తుంది. కానీ ముళ్లు పళ్లేనికి తగలకుండా ఉండాలంటే ఇరుసు పొడవైనది కావాలి, సెల్ మార్చిన ప్రతిసారీ చక్రం దించాలి. అల్లాయ్‌కి ఈ దారి దాదాపు కుదరదు, మధ్య భాగం అంత మందం.

ఇరుసు పొడవు ఎంతది అడగాలి?

మిషన్ ముందున్న మర గొట్టం, మీరు బిగించే పలక మందం కంటే కనీసం 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 10 లేదా 12 మిల్లీమీటర్ల మర ఉన్నది తీసుకోండి. షాపులో ఈ మాట చెప్పలేకపోతే పలక ముక్కనే జేబులో వేసుకుని పోయి పెట్టి చూడండి. పాత గోడ గడియారాల్లోంచి తీసిన మిషన్లకు మర చాలా పొట్టిగా ఉంటుంది, పలచటి ప్లాస్టిక్ డయల్‌కే సరిపోతుంది.

ముళ్లు ఎంత పొడవు పెట్టొచ్చు?

మామూలు మిషన్‌కు పెద్ద ముల్లు ఐదు అంగుళాలకు మించొద్దు. అంతకు మించితే ముళ్లను ఎక్కువ బలంతో తిప్పే హై టార్క్ మిషన్ కావాలని అడగండి, దాని ముళ్లు కూడా దానికి సరిపోయేవే తీసుకోవాలి. పొడవు కంటే బరువు ముఖ్యం. పలచటి అల్యూమినియం ముల్లును మిషన్ తిప్పుతుంది, స్పానర్‌ను ముల్లుగా పెడితే తిప్పలేదు. స్పానర్ల ముళ్లతో ఫోటోలు చాలా చూస్తుంటాం, అందులో చాలావరకు నడవని గడియారాలే. స్పానర్ ఆకారమే కావాలంటే కూల్‌డ్రింక్ క్యాన్ రేకును ఆ ఆకారంలో కత్తిరించి మామూలు ముల్లు మీద అతికించండి.

అంత ఇనుము పక్కనుంటే గడియారం ఆగిపోదా?

ఆగదు. మిషన్ లోపల చిన్న అయస్కాంతం సెకనుకోసారి అర చుట్టు తిరుగుతుంది, సెకనును లెక్కపెట్టేది 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. చుట్టూ ఉన్న ఇనుము దానికి అడ్డం రాదు. పాత స్పీకర్ అయస్కాంతం లాంటివి మాత్రం మిషన్ పక్కన అతికించొద్దు, వాటితో ఆగిపోతుంది.

టిక్ టిక్ శబ్దం గదంతా మోగుతుంది. ఏం చేయాలె?

ఇనుప పళ్లెం ఆ శబ్దాన్ని పెంచుతుంది. మిషన్‌కూ పలకకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి, చక్రం గోడకు తగిలే చోట కూడా రెండు ముక్కలు అతికించండి. పడక గదికైతే మొదటే ఆగకుండా జారే ముల్లున్న స్వీప్ మిషన్ కొనుక్కోండి.

ముళ్లు బిగించాక గంట కొట్టే సమయానికి చిన్న ముల్లు పక్కకు ఉంటోంది.

ముళ్లు పెట్టిన వరుస తప్పింది. పెద్ద ముల్లు తాత్కాలికంగా తగిలించి, మిషన్ వెనకున్న టైమ్ తిప్పే చిన్న చక్రం తిప్పుతూ సరిగ్గా పన్నెండు మీదికి తెచ్చి ఆపండి. ఇప్పుడు దాన్ని తీసి, చిన్న ముల్లు పన్నెండు మీద నొక్కండి, పెద్దది పన్నెండు మీద పెట్టి చిన్న నట్టు వేలితోనే బిగించండి, చివరగా సెకన్ల ముల్లు. పక్క నుంచి చూస్తే మూడింటి మధ్యా వెలుతురు కనిపించాలి. టైమ్ సరిచేయడం ఎప్పుడూ మిషన్ వెనకున్న ఆ చిన్న చక్రంతోనే, ముళ్లు పట్టుకుని తిప్పకండి.

## అంకెలు పెట్టేటప్పుడు

నట్ల బొక్కలు నాలుగే ఉన్నాయి. వాటిని అంకెలకు వాడుకోవచ్చా?

అదృష్టమే. నాలుగు బొక్కలు అంటే సరిగ్గా 90 డిగ్రీలకొకటి: 12, 3, 6, 9. అక్కడ మెరిసే నట్లు బిగిస్తే మిగతా ఎనిమిది అంకెలు లేకున్నా టైమ్ తెలుస్తుంది. టాటా నానోకు మూడే నట్లు కాబట్టి 12, 4, 8 వస్తాయి.

మాది బొలెరో, ఐదు బొక్కలు. లెక్క కుదరడం లేదు.

కుదరదు. గంటకు 30 డిగ్రీలు, ఐదు బొక్కల మధ్య దూరం 72 డిగ్రీలు. ఒక బొక్కను 12 వద్ద ఉంచి మిగతావి అలంకారానికి వదిలేయండి, అంకెలు బయటి అంచు మీద విడిగా పెట్టుకోండి. ఐదు కమ్మీల అల్లాయ్‌కి కూడా ఇదే సమస్య. ఆరు కమ్మీలుంటే రెండు గంటలకొకటి చొప్పున బాగా పడుతుంది.

కోణమానిని లేదు. పన్నెండు భాగాలు సరిగ్గా ఎలా చేయాలి?

దారం చాలు. ఒక అట్ట మీద చక్రం సైజులో గుండ్రటి గీత గీయండి. కేంద్రం నుంచి గీత దాకా ఉన్న దూరాన్నే దారంతో కొలిచి, ఆ దూరంతో గీత చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరో గుర్తుకు మొదలుపెట్టిన చోటికి వస్తారు. ప్రతి రెండు గుర్తుల మధ్యా సగం చేస్తే పన్నెండు. అట్టను చక్రం మీద పెట్టి గుర్తులు దించుకోండి. వాల్వ్ బొక్క ఆరు దగ్గరికి వచ్చేలా తిప్పుకుంటే కంటికి దూరంగా ఉంటుంది.

అంకెలకు ఏం వాడితే బాగుంటుంది?

వీల్ నట్లు, వాషర్లు, మోటార్ సైకిల్ చైన్ లింకులు, స్పార్క్ ప్లగ్గులు. బరువైనవి ఎపాక్సీ జిగురుతోనే అతికించండి, రబ్బరు జిగురు మన ఎండకు మెత్తబడి జారుతుంది. తెలుగు అంకెలు పెడితే చూడముచ్చటే, కాకపోతే ౬ ఏదో ౭ ఏదో పిల్లలకు మొదటి వారం చెప్పాల్సి వస్తుంది.

## గోడకు బిగించేటప్పుడు

గోడకు మేకు చాలదా?

చాలదు. మామూలు గడియారం అరకిలో కూడా ఉండదు, ఇది ఐదారు కిలోలు. పైగా ముందుకు పొడుచుకొచ్చి ఉండటంతో మేకును కిందికే కాదు, బయటికి కూడా లాగుతుంది. చక్రం వెనక అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి, దానికి ఒకదానికొకటి జానెడు దూరంలో రెండు తాళంచెవి బొక్కలు (కింద వెడల్పు, పైన సన్నం) వేయించండి. గోడలో రెండు 8 మిల్లీమీటర్ల ఫాస్టెనర్లు బిగించి వాటికి తగిలించాలి. రెండు చోట్ల పట్టు ఉంటే చక్రం తిరగదు, పన్నెండు పక్కకు ఒరగదు. ఫాస్టెనర్ ప్లాస్టరింగ్‌లో కాదు, దాని వెనకున్న ఇటుకలో కూర్చోవాలి. కాబట్టి 75 మిల్లీమీటర్ల పొడవు తీసుకోండి. తగిలించాక రెండు చేతులతో కిందికి గట్టిగా లాగి చూడండి, తర్వాతే మిషన్ బిగించండి.

అల్లాయ్‌కి పట్టీ వెల్డింగ్ కుదరదు కదా. వెనక మందపాటి చెక్క అడ్డంగా పెట్టి నట్ల బొక్కల్లోంచి బోల్టులతో పట్టించండి, తాళంచెవి పట్టీలు ఆ చెక్కకు బిగించండి.

మాది పాత రాతి గోడ, మట్టితో కట్టింది. నిలుస్తదా?

డ్రిల్ బిట్టు రాయికి తగిలితే ఆగుతుంది, సందులోకి పోతే మట్టి రాలుతుంది. పాత ఇళ్లలో దూలాలు, తలుపు చౌకట్లు గట్టి ఆధారం, వాటికి కొక్కెం బిగించి గొలుసుతో వేలాడదీస్తే మంచిది. ఇంకో దారి కూడా ఉంది. పాత గోడల్లో పెద్ద గూడు ఉంటుంది కదా, 12 అంగుళాల చక్రం పట్టే గూడైతే అందులో నిలబెట్టేయండి. ఏ బిగింపూ అక్కర్లేదు, దానికే చేసినట్టు ఉంటుంది.

అద్దె ఇల్లు. ఓనర్ గోడకు రంధ్రాలు వేయనివ్వడు.

చక్రం కింద రెండు ఇనుప కాళ్లు వెల్డింగ్ చేయించి టీవీ బల్ల పక్కన పెట్టుకోండి.

ఏ గోడకు పెట్టాలి? దక్షిణం గోడకు వద్దంటున్నారు.

దిక్కు మాట ఇంట్లో పెద్దవాళ్లకు వదిలేస్తాను, వాళ్లు వద్దంటే వాదన పెట్టుకోవడం దండగ. నేను చూసేది కింద ఎవరుంటారన్నది. మంచం తలాపున, ఉయ్యాల మీద, సోఫా వెనక, పిల్లలు ఆడే చోట పెట్టొద్దు. పడమటి ఎండ నేరుగా పడే గోడ కూడా వద్దు, వేడికి సెల్ కారిపోతుంది.

## నడవడం మొదలయ్యాక

సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర కొట్టుకుంటూ ఆగిపోతోంది. మిషన్ పోయిందా?

ముందు సెల్ మార్చండి. ఆరు నుంచి పన్నెండు దాకా ముల్లు పైకి ఎక్కాలి, అందులో తొమ్మిది దగ్గర అది సరిగ్గా అడ్డంగా ఉంటుంది కాబట్టి బరువంతా మిషన్ మీద పడుతుంది. సెల్ బలహీనపడితే మొదట ఓడిపోయేది అక్కడే. కొత్త సెల్ వేసినా ఆగితే ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడండి. అదీ కాకపోతే ముల్లు బరువెక్కువ. సెకన్ల ముల్లు తీసేసి చూస్తే చాలాసార్లు మిగతా రెండూ చక్కగా నడుస్తాయి.

ఏ సెల్ వేయాలి?

మామూలు మిషన్‌కు ఎర్ర, నీలి పొర ఉండే సాధారణ పెన్సిల్ సెల్ చాలు. హై టార్క్ మిషన్‌కు ఆల్కలైన్ వేయండి. రీచార్జ్ అయ్యేవి 1.2 వోల్టులే కాబట్టి బరువైన ముళ్లకు సరిపోవు. ఆగిపోయిన సెల్‌ను లోపలే వదిలేయకండి, కారి మిషన్ రేకులను తినేస్తుంది.

చక్రం చుట్టూ లైటు పెట్టొచ్చా?

12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ వెనక అంచుకు అతికించి, వైరును వాల్వ్ బొక్కలోంచి తీయండి. అచ్చు దానికే చేసిన బొక్కలా ఉంటుంది. అడాప్టర్ గోడ సాకెట్ దగ్గరే ఉండాలి, 230 వోల్టుల వైరు ఇనుప చక్రంలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకురావద్దు.

నెలకు కొన్ని సెకన్లు తేడా వస్తోంది. సరిచేయించాలా?

మామూలు క్వార్ట్జ్ మిషన్లు నెలకు పదిహేను, ఇరవై సెకన్లు అటూ ఇటూ పోవడం సహజమే, దానికి మరమ్మతు లేదు. రోజుకు నిమిషాలు వెనకబడుతుంటే మాత్రం అది సెల్ పనో, ముల్లు ఎక్కడో రాసుకుంటున్న పనో అయి ఉంటుంది. సెల్ మార్చి, అప్పటికీ తగ్గకపోతే మిషన్ మార్చేయండి. మామూలు మిషన్ ఖరీదు మీరు చక్రానికి వేసిన రంగు కంటే తక్కువే పడుతుంది.